బైబిలు పదాధ్యయనం: హీబ్రూ, గ్రీకు మాటల వెంట

బైబిలు వచనంలో ఒక మాటను తీసుకుని, మూలంలో అక్కడున్న హీబ్రూ లేదా గ్రీకు మాట ఏది, ఆ కాలంవాళ్లు దాన్ని దేనికి వాడేవారు, బైబిల్లోనే అది ఇంకా ఎక్కడెక్కడ వచ్చింది అని వెతికి చూడడాన్ని పదాధ్యయనం అంటారు. తెలుగు సంఘాల్లో దీన్ని ఎరగనివారు తక్కువ. ప్రసంగం మధ్యలో “గ్రీకు మూలంలో ఈ మాటకు...” అని బోధకుడు మొదలుపెట్టగానే చాలామంది నోటు పుస్తకం తెరుస్తారు. ఆ ఆసక్తి గౌరవించదగినది. వచనాన్ని పైపైన చదివి వదిలేయకుండా లోపలికి వెళ్లాలన్న కోరికలోంచి పుట్టిందది. అయితే ఈ విద్యకు వెయ్యేళ్ల చరిత్ర ఉంది, పద్ధతులున్నాయి, పద్ధతి తప్పినప్పుడు పదే పదే దొర్లే పొరపాట్లూ ఉన్నాయి. మాట లోతు ధాతువులోనూ, నిఘంటువు చివరి అర్థాల వరసలోనూ దొరికేది కొంతే. ఆ మాట తిరిగిన వాక్యాల్లో దొరికేదే ఎక్కువ.

మూల భాషలు

పాత నిబంధన దాదాపు అంతా హీబ్రూలో ఉంది. దానియేలు 2:4 మధ్య నుంచి 7వ అధ్యాయం చివరి దాకా, ఎజ్రాలో కొన్ని భాగాలు, యిర్మీయా 10:11 మాత్రం అరామిక్. కొత్త నిబంధన అంతా గ్రీకు. అది ప్లేటో నాటి ఏథెన్సు గ్రీకు కాదు. అలెగ్జాండర్ దండయాత్రల తరవాత తూర్పు మధ్యధరా తీరమంతా వ్యాపించిన కొయినే, అంటే జనసామాన్యం మాట్లాడే గ్రీకు.

హీబ్రూ మాటల్లో ఎక్కువ భాగం మూడు హల్లుల ధాతువు మీద కట్టినవి. ప్రాచీన ప్రతుల్లో హల్లులు మాత్రమే ఉండేవి, అచ్చులను చదివేవాడు సంప్రదాయం వల్ల తెలుసుకునేవాడు. గలిలయలోని తిబెరియలో మసోరెతులనే పండితులు అక్షరాల కిందా పైనా గుర్తులు పెట్టి అచ్చులను స్థిరపరిచారు. ఆ పాఠమున్న పూర్తి ప్రతుల్లో అతి పాతది లెనిన్‌గ్రాడ్ ప్రతి. అది సా.శ. 1008 నాటిది. నేటి ముద్రిత హీబ్రూ బైబిళ్లకు చాలావరకు ఆధారం అదే. తెలుగు బైబిల్లో కనబడే ‘యెహోవా’ అనే రూపం వెనక కూడా ఈ గుర్తుల కథే ఉంది. దైవనామపు నాలుగు హల్లులను యూదులు పైకి ఉచ్చరించరు, ఆ చోట ‘అదోనాయ్’ అంటే ప్రభువు అని చదువుతారు. అలా చదవాలని గుర్తుచేయడానికి ఆ నాలుగు హల్లులకు అదోనాయ్‌లోని అచ్చులను చేర్చారు. తరవాతి కాలంలో క్రైస్తవ పండితులు రెంటినీ కలిపి ఒకే మాటగా చదవడంతో ఈ రూపం వచ్చింది.

రెండు నిబంధనల మధ్య వంతెన సెప్టువజింతు. సా.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మొదలైన గ్రీకు అనువాదమిది. కొత్త నిబంధన రచయితలు పాత నిబంధనను ఉదహరించినప్పుడు ఎక్కువసార్లు దీన్నే వాడారు. అందువల్ల పౌలు వాడిన గ్రీకు మాటకు ఏథెన్సు నాటకాల్లో ఏ అర్థముందో చూసేముందు, సెప్టువజింతులో అది ఏ హీబ్రూ మాటకు బదులుగా నిలిచిందో చూడాలి. పదాధ్యయనంలో ఇంతకన్నా ఫలితమిచ్చే అడుగు మరొకటి లేదు.

పుట్టుక, పెరుగుదల

హీబ్రూ ధాతువులను శాస్త్రీయంగా మొదట తేల్చింది అరబ్బుల పాలనలో ఉన్న స్పెయిన్‌లోని యూదు వ్యాకర్తలు. 10వ శతాబ్దంలో కొర్దోబాలో యూదా హయ్యూజ్, అరబీ వ్యాకరణం చూపిన దారిలో నడిచి, హీబ్రూ క్రియలన్నిటికీ మూడు హల్లుల ధాతువు ఉందని నిరూపించాడు. ఆ తరవాతి తరంలో యోనా ఇబ్న్ జనాహ్ ధాతువుల నిఘంటువు రాశాడు. ఫ్రాన్సులోని ట్రాయ్‌లో రాషి (1040–1105) వచనానికి సూటి అర్థమేమిటని అడిగే వ్యాఖ్యాన పద్ధతికి ప్రాణం పోశాడు. ఇసాకు నాతాన్ కూర్చిన హీబ్రూ కాంకార్డెన్సు, అంటే ఏ మాట ఏ ఏ వచనాల్లో ఉందో చూపే సూచిక, 1523లో వెనిసులో అచ్చయింది.

పశ్చిమ క్రైస్తవ లోకం మాత్రం వెయ్యేళ్లపాటు జెరోము లాటిన్ అనువాదం మీదే ఆధారపడింది. జెరోము గొప్ప హీబ్రూ పండితుడు. అయినా ఒక్క మాట దగ్గర ఆయన ఎంచుకున్న అర్థం ఎంత దూరం వెళ్లిందో రోములో నేటికీ చూడవచ్చు. నిర్గమకాండము 34లో మోషే కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖం ‘కారన్’ అయిందని ఉంది. ఆ క్రియ ‘కెరెన్’ అనే నామవాచకానికి సంబంధించింది, కెరెన్ అంటే కొమ్ము. ఇక్కడ భావం కిరణాలు వెలువడటమని నేటి పండితులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. జెరోము కొమ్ములని పెట్టాడు. మైకలాంజెలో చెక్కిన మోషే విగ్రహానికి నెత్తిన రెండు కొమ్ములున్నాయి.

1506లో యోహాన్ రాయిక్లిన్ హీబ్రూ వ్యాకరణ నిఘంటువును, 1516లో ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేశారు. ‘మెటానోయా’ అనే గ్రీకు మాటకు లాటిన్‌లో ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అన్న అర్థమిచ్చే పదబంధం ఉండేది. గ్రీకులో అది మనసు మారడం. ఈ తేడా తన ఆలోచనను ఎలా తిప్పిందో 1518లో తన గురువు స్టాపిట్స్‌కు రాసిన ఉత్తరంలో మార్టిన్ లూథర్ చెప్పుకున్నాడు. తెలుగు అనువాదకులు ఈ మాటకు ‘మారుమనస్సు’ అని పెట్టారు. గ్రీకు మాటలోని రెండు ముక్కలకూ రెండు తెలుగు ముక్కలు సరిపోయాయి. అది లాటిన్ దారి తొక్కని అనువాదం.

పండితుల చేతిలోని ఈ పనిని సామాన్య పాఠకుడి బల్ల మీదికి తెచ్చింది జేమ్స్ స్ట్రాంగ్. న్యూజెర్సీలోని డ్రూ సెమినరీ ఆచార్యుడైన ఆయన కాంకార్డెన్సు 1890లో వెలువడింది. హీబ్రూ, అరామిక్ మాటలకు 8674 దాకా, గ్రీకు మాటలకు 5624 దాకా అంకెలిచ్చాడు. గ్రీకు అక్షరమాల రాకపోయినా 26 అనే అంకె పట్టుకుంటే ‘అగాపే’ దగ్గరికి చేరవచ్చు. ఈనాడు ఫోనులోని బైబిల్ యాప్‌లో మాట మీద వేలు పెడితే వచ్చేది ఎక్కువగా ఆ అంకె, ఆ వివరణే.

హెసెద్: ఒకే మాట, ఐదు తెలుగు మాటలు

పాత నిబంధనలో సుమారు 250 సార్లు వచ్చే ‘హెసెద్’ పదాధ్యయనానికి మంచి క్షేత్రం. 136వ కీర్తనలోని 26 వచనాల్లో ప్రతిదాని పల్లవిలోనూ ఈ మాట ఉంది. అక్కడ తెలుగులో ‘కృప’ అని ఉంది. రూతు గ్రంథం 1:8లో నయోమి తన కోడళ్లు చూపినదాన్ని తలుచుకున్నప్పుడు ‘దయ’. హోషేయ 6:6లో బలి కంటే దేవుడు కోరేది ‘కనికరము’. 2 సమూయేలు 9లో యోనాతాను కోసం దావీదు సౌలు ఇంటివారికి చేయదలచినది ‘ఉపకారము’. రూతు 3:10లో బోయజు ఆమెలో మెచ్చుకున్నది ‘సత్ప్రవర్తన’. మూలంలో ఈ ఐదు చోట్లా ఉన్నది హెసెద్ ఒక్కటే.

అనువాదకులను తప్పు పట్టనవసరం లేదు. ఏ వాక్యానికి ఆ వాక్యంలో ఆ మాటలు చక్కగా అమిరాయి. కానీ రూతు కథను హీబ్రూలో చదివేవాడికి ఒక దారం కనబడుతుంది. మొదట కోడళ్ల హెసెద్‌ను తలచి దేవుడు వారిపట్ల హెసెద్ చూపాలని నయోమి ప్రార్థిస్తుంది. 2:20లో బోయజు గురించి విన్నప్పుడు హెసెద్ విడువని దేవుణ్ణి స్తుతిస్తుంది. కళ్లం దగ్గర ఆ రాత్రి అదే మాటను బోయజు రూతుకు అంటాడు. దేవుణ్ణి అడిగినది మనుషుల చేతుల మీదుగా వచ్చిందని కథకుడు ఎక్కడా విడమరచి చెప్పడు. ఆ ఒక్క మాటను మూడుసార్లు సరైన చోట పెట్టి ఊరుకుంటాడు.

ఈ మాటకు అర్థమేమిటన్న చర్చ ఇంకా నడుస్తోంది. 1927లో నెల్సన్ గ్లూక్ దీన్ని నిబంధనకు కట్టుబడినవారు ఒకరికొకరు నెరవేర్చే బాధ్యతగా చూపాడు. 1978లో క్యాథరిన్ సేకెన్‌ఫెల్డ్ దాన్ని సవరించింది. బలమున్నవాడు ఆపదలో ఉన్నవాడికి, ఉన్న బంధాన్ని బట్టి, బలవంతం ఏమీ లేకుండానే చేసే సాయం అది అని ఆమె వాదన. యోనాతాను చనిపోయాడు, సౌలు వంశం కూలిపోయింది, కాళ్లు కుంటుపడిన యోనాతాను కొడుకు మెఫీబోషెతు తిరిగి ఏమీ ఇవ్వలేడు. అయినా దావీదు వెతికించి మరీ భోజనపు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ సన్నివేశం సేకెన్‌ఫెల్డ్ వైపే మొగ్గుతుందని ఈ రచయిత అభిప్రాయం. తెలుగులో ‘మాట తప్పని దయ’ అంటే దగ్గరగా వస్తుంది.

సెప్టువజింతు హెసెద్‌కు ఎక్కువగా ‘ఎలెయోస్’ అని పెట్టింది. యేసు హోషేయ మాటను పలికినట్టు మత్తయి 9:13, 12:7లో రాసినప్పుడు అక్కడున్నది ఎలెయోస్. తెలుగు ‘కృప’ మాత్రం పాత నిబంధనలో హెసెద్‌కూ, కొత్త నిబంధనలో ‘ఖారిస్’ అనే వేరే గ్రీకు మాటకూ నిలబడింది. దీనివల్ల తెలుగు పాఠకుడికి కొంత నష్టం, కొంత లాభం. ఎఫెసీయులకు 2:8లోని కృప ఖారిస్. నాలుగు వచనాల పైన, 2:4లో, దేవుణ్ణి ‘కరుణాసంపన్నుడు’ అన్నచోట ఉన్నది ఎలెయోస్. సీనాయి కొండమీద దేవుడు తన గురించి ప్రకటించుకున్న మాట (నిర్గమకాండము 34:6) అక్కడ ప్రతిధ్వనిస్తోంది. తెలుగులో ఆ ప్రతిధ్వని 2:4లో వినబడదు. లాభమూ చెప్పాలి. ఆ నిర్గమకాండ వచనంలో ‘కృపాసత్యములు’ అని ఉంది, యోహాను 1:14లో వాక్యమైనవాణ్ణి ‘కృపాసత్యసంపూర్ణుడు’ అన్నారు. యోహాను వాడిన గ్రీకు మాటలు సెప్టువజింతు మాటలతో సరిపోవు. అయినా అతని మనసులో ఉన్నది సీనాయి దగ్గరి హీబ్రూ జంట మాటేనని చాలామంది వ్యాఖ్యాతల నిర్ణయం. గ్రీకు పాఠకుడికి పోలికే కనబడని ఆ చోట తెలుగు బైబిలు దాన్ని ముంగిట్లో పెట్టింది.

ఒక హెచ్చరిక. లేవీయకాండము 20:17లోనూ హెసెద్ అనే రూపం ఉంది. అక్కడ దానర్థం సిగ్గుచేటు. అది వేరే మాట, ధ్వని మాత్రమే ఒకటి. అంకెలను, అక్షరాలను పట్టుకుని రెండింటినీ కలిపి దివ్యరహస్యం తీయబోతే అక్కడ ఏమీ లేదు.

బరువూ మహిమా

హీబ్రూ ధాతువు క-బ-ద్‌కు బరువని అర్థం. దాంట్లోంచే ‘కావోద్’, తెలుగులో మహిమ, వచ్చింది. తెలుగువాడికి ఇది కొత్త కాదు. సంస్కృత ‘గురు’ శబ్దానికి బరువైనదని అర్థం, దానిలోంచే గౌరవం పుట్టింది. ఛందస్సులో గురువు, లఘువు అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. అయినా సభలో ‘గౌరవనీయులు’ అని పిలిచేవాడు అధ్యక్షుడి బరువు గురించి ఆలోచించడు. ధాతువర్థం మాట వెనకాల ఎప్పుడూ ఉంటుంది, వాక్యం దాన్ని పిలిచినప్పుడే ముందుకొస్తుంది.

1 సమూయేలు గ్రంథకర్త దాన్ని పిలిచాడు. 2:29లో ప్రధాన యాజకుడు ఏలీ దేవునికంటె తన కొడుకులను ఎక్కువగా ‘గౌరవించాడని’ నింద. అది క-బ-ద్. మందిరానికి వచ్చిన బలుల్లో మంచి భాగాలతో వాళ్లు కొవ్వారని కూడా అదే వచనంలో ఉంది. 4:18లో మందసం పట్టుబడిందని విని ఏలీ ఆసనం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు, ఎందుకంటే అతను ముసలివాడు, ‘కావేద్’, బరువైనవాడు. ఆ వార్తకే ప్రసవించిన కోడలు బిడ్డకు ఈకాబోదు అని పేరు పెట్టింది. కావోద్ పోయిందన్నది ఆ పేరు పెట్టడానికి ఆమె చెప్పిన కారణం. చేయరాని చోట చేసిన గౌరవం, ఒంటికి పట్టిన బరువు, వెళ్లిపోయిన మహిమ, ఈ మూడింటినీ ఒకే ధాతువు కట్టింది. అనువాదంలో గౌరవం, బరువు, మహిమ అని మూడు విడి మాటలై ఆ కట్టు ఊడిపోతుంది.

నిర్గమకాండములోనూ ఇలాగే. ఫరో గుండె కఠినమైందని తెలుగులో ఉన్నచోట్ల 7:14 వంటి కొన్నిట్లో హీబ్రూలో గుండె ‘బరువెక్కింది’. 14:4లో ఫరో వల్ల దేవునికి మహిమ కలుగుతుందన్న చోట క్రియ అదే ధాతువుది.

సెప్టువజింతు అనువాదకులు కావోద్‌కు ‘డొక్సా’ అనే మాటను ఎంచుకున్నారు. అంతవరకు గ్రీకులో దానికి అభిప్రాయం, పేరుప్రతిష్ఠ అనే అర్థాలే ఎక్కువ. హీబ్రూ మాట బరువంతా మోసి, కొత్త నిబంధన కాలానికి డొక్సా తేజస్సు, మహిమ అయింది. ఏథెన్సు నిఘంటువుతో పౌలును చదివితే ఇక్కడ దారి తప్పుతాం. 2 కొరింథీయులకు 4:17లో పౌలు మహిమకు ‘భారం’ అనే మాట జోడించినప్పుడు, గ్రీకులో రాస్తున్నా అతని చెవిలో హీబ్రూ మోగుతూనే ఉందని అనిపిస్తుంది.

ఇసుకలో దొరికిన గ్రీకు

కొత్త నిబంధన గ్రీకులో ఇతర గ్రంథాల్లో కనబడని మాటలు అనేకం ఉండటంతో, 19వ శతాబ్దంలో కొందరు అది పరిశుద్ధాత్మ ప్రత్యేకంగా కల్పించిన భాష అనుకున్నారు. ఈజిప్టు ఇసుకదిబ్బల్లో, ముఖ్యంగా 1896–97 శీతకాలం నుంచి గ్రెన్‌ఫెల్, హంట్ తవ్విన ఆక్సిరింకస్‌లో, పాపిరస్ కాగితాలు వేలకొద్దీ బయటపడ్డాక ఆ ఊహ నిలవలేదు. అవి ఇంటికి రాసిన ఉత్తరాలు, కౌలు పత్రాలు, రసీదులు. జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్మన్ 1908లో వెలువరించిన గ్రంథంలో అపొస్తలుల భాష ఈ సంతల, రచ్చబండల భాషేనని చూపాడు.

‘అర్రాబోన్’ చూడండి. పౌలు పరిశుద్ధాత్మను విశ్వాసికి దొరికిన అర్రాబోన్ అంటాడు (ఎఫెసీయులకు 1:14, 2 కొరింథీయులకు 1:22, 5:5). పాపిరస్‌లలో ఇది పశువుల బేరంలో, పనివాళ్ల ఒప్పందంలో ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. బేరం ఖాయమైందనడానికి గుర్తు, మొత్తంలో మొదటి వాయిదా. తెలుగు బైబిలు దీనికి ‘సంచకరువు’ అని పెట్టింది. మన రైతులూ షావుకార్లూ వాడిన మాట అది, నేటి వాడుకలో బయానా. పౌలు సంత భాషకు తెలుగు సంత భాషే సమాధానమైంది. అచ్చంగా సంస్కృత పదం వెతికి పెట్టి ఉంటే ఇంత బాగుండేది కాదు. అర్రాబోన్ గ్రీకులోకి సెమిటిక్ వర్తకుల నుంచి వచ్చింది. ఆదికాండము 38లో యూదా తామారు దగ్గర కుదువ పెట్టిన ముద్ర, దారం, కర్రలను హీబ్రూలో పిలిచిన పేరు దాని చుట్టమే.

మత్తయి 6:2లో నలుగురూ చూడాలని ధర్మం చేసేవాళ్లు తమ ఫలం పొందారన్న చోట ఉన్న క్రియ ‘అపేఖో’. రసీదుల మీద ‘పూర్తిగా ముట్టింది’ అని రాసే మాట అది. పాపిరస్‌లలోనూ, లెక్కలు రాసిన పెంకుల మీదా విరివిగా ఉంది. మెప్పు ముట్టింది, లెక్క చెల్లింది, ఇక రావలసిందేమీ లేదు. ఇక్కడ రసీదు అర్థం వాక్యానికి సరిగ్గా అతికి, దానికి పదును పెడుతోంది.

ఇదే వాదనను యోహాను 19:30లో సిలువ మీది చివరి మాట ‘టెటెలెస్టాయ్’కి అంటించడం ప్రసంగాల్లో బాగా వినబడుతుంది. అప్పు తీరిన పత్రాల మీద ఆ మాట రాసేవారని, కాబట్టి దాని అర్థం బాకీ చెల్లించబడిందని అంటారు. ఆ క్రియకు పన్ను కట్టడమనే అర్థం ఉన్న మాట నిజమే. మత్తయి 17:24లో, రోమీయులకు 13:6లో అలా వాడారు. కానీ యోహాను ఆ మాటను రెండు వచనాల ముందే, 19:28లో, ఇదే రూపంలో వాడాడు. అక్కడ అంతా నెరవేరిందని యేసు ఎరిగాడన్నది తప్ప మరో అర్థం కుదరదు. ఆ వెంటనే లేఖనం నెరవేరడం గురించిన మాట కూడా ఉంది. అప్పగించిన పని ముగిసిందన్నదే ఆ మాటలోని భావం. క్రీస్తు మన ఋణం తీర్చాడన్న బోధకు కొత్త నిబంధనలో వేరే చోట్ల, కొలొస్సయులకు 2:14 వంటి చోట్ల, గట్టి ఆధారముంది. ఆ భారమంతా ఈ ఒక్క మాట మీద పెట్టనక్కరలేదు.

తప్పుదారులు

1961లో స్కాట్లండ్ పండితుడు జేమ్స్ బార్ బైబిలు భాషార్థ విచారణ గురించి ఒక పుస్తకం రాశాడు. కిట్టెల్ సంపాదకత్వంలో 1933 నుంచి జర్మనీలో వెలువడుతూ వచ్చిన మహానిఘంటువు పద్ధతిని అందులో ఆయన దుయ్యబట్టాడు. ధాతువులోంచి అర్థం లాగడం, ఒక మాటకు వేర్వేరు చోట్ల ఉన్న అర్థాలన్నిటినీ ఒక్క వచనంలో కుప్పపోయడం, హీబ్రూవాడి బుద్ధి ఒకలా గ్రీకువాడి బుద్ధి ఇంకోలా పనిచేస్తుందని వ్యాకరణంలోంచి రుజువు చేయబోవడం, ఇవి ఆయన పట్టిన దోషాలు. ఆ తరవాత రంగం మారింది. 1988లో లౌ, నైడా అనే పండితులు కూర్చిన గ్రీకు నిఘంటువు మాటలను అక్షరక్రమంలో కాక, అర్థాల గుంపులుగా అమర్చింది.

పాత అర్థంతో కొత్త వాక్యాన్ని చదివితే ఏమవుతుందో మన భాషలోనే కనబడుతుంది. సంస్కృతంలో ‘అవసరం’ అంటే సమయం, సందర్భం. తెలుగులో కావలసినది. “నాకు డబ్బు అవసరం” అన్నవాడి మాటలో సంస్కృతార్థం వెతికితే వాక్యమే చెడుతుంది. ‘ఎక్లేసియా’ను బయటికి పిలవబడినవారు అని విడగొట్టడం అటువంటిదే. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసు నాటకశాలలో అరిచిన అల్లరి గుంపును లూకా ఎక్లేసియా అన్నాడు. తెలుగులో అక్కడ ‘సభ’ అని సరిగానే ఉంది. ఇక సువార్త దేవుని ‘డునామిస్’ అన్న రోమీయులకు 1:16లో డైనమైట్ పేలుడు చూపించేవాళ్లు, నోబెల్ ఆ పేరుతో పేటెంటు పొందింది 1867లోనని గుర్తుంచుకోవాలి. పౌలు చెప్పింది రాళ్లను బద్దలుకొట్టే శక్తి గురించి కాదు, రక్షించే శక్తి గురించి.

అన్నిటికన్నా పేరుపడ్డది యోహాను 21. యేసు పేతురును నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు ‘అగపావో’, మూడోసారి ‘ఫిలేయో’. పేతురు మూడుసార్లూ ఫిలేయో అనే జవాబిచ్చాడు. అగాపే దైవికమైన ప్రేమ, ఫిలేయో స్నేహం, కాబట్టి యేసు పేతురు స్థాయికి దిగివచ్చాడని ప్రసిద్ధ వ్యాఖ్యానం. ఎంతోమందికి ఆదరణ ఇచ్చిన వ్యాఖ్యానమిది. కానీ యోహాను వాడుక దీన్ని మోయదు. తండ్రి కుమారుణ్ణి ప్రేమించడాన్ని 3:35లో అగపావో అన్నాడు, 5:20లో ఫిలేయో అన్నాడు. సెప్టువజింతు 2 సమూయేలు 13లో అమ్నోనుకు తన చెల్లెలు తామారు మీద పుట్టిన కామాన్ని అగపావో అంది. పౌలును విడిచి వెళ్లిన దేమా ఈ లోకాన్ని ప్రేమించినదీ (2 తిమోతి 4:10) ఆ క్రియతోనే. అదే సంభాషణలో యోహాను మేపడానికి రెండు క్రియలు, మందకు రెండు పేర్లు మార్చి మార్చి వాడాడు. తెలుగులో గొఱ్ఱెపిల్లలు, గొఱ్ఱెలు, మేపడం, కాయడం అని ఆ మార్పు చక్కగా నిలిచింది. ఒకే మాటను పదే పదే వాడకపోవడం ఈ సువార్తికుడి శైలి. పేతురు నొచ్చుకున్నది ‘మూడవసారి’ అడిగినందుకని వచనమే చెబుతోంది. బొగ్గుల మంట దగ్గర మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మళ్లీ బొగ్గుల మంట దగ్గరే మూడుసార్లు అడిగాడు. యోహాను కొత్త నిబంధనలో ‘అంథ్రకియా’, బొగ్గుల మంట, అనే మాటను వాడింది ఆ రెండు చోట్లే (18:18, 21:9). ఇంకెవరూ వాడలేదు. లోతు కావాలంటే తవ్వవలసిన మాట అది.

అంకెలను వాడే తీరు

స్ట్రాంగ్ నిఘంటువులో ప్రతి అంకె కింద మొదట ధాతువు, తరవాత చిన్న వివరణ, చివర ఒక గీత తరవాత మాటల వరస ఉంటుంది. ఆ వరస అర్థాల పట్టిక కాదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆ మాటను ఏ ఏ ఇంగ్లీషు మాటలతో తర్జుమా చేసిందో చూపే జాబితా మాత్రమే. దాంట్లోంచి నచ్చినదాన్ని ఏరుకుని వచనంలో పెట్టడం అధ్యయనం అనిపించుకోదు. ఇంకొక లోపం, హీబ్రూ క్రియారూపాలన్నీ ఒకే అంకె కిందికి వస్తాయి. క-బ-ద్ క్రియ ఒక రూపంలో బరువెక్కడం, మరో రూపంలో తల్లిదండ్రులను సన్మానించడం, ఇంకో రూపంలో గుండెను కఠినం చేసుకోవడం. అంకె ఒక్కటే కనుక ఈ తేడా చెప్పదు.

మంచి పద్ధతి కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలంతే. అంకె సాయంతో ఆ మాట వచ్చిన వచనాలన్నీ తీయాలి. మొదట ఆ గ్రంథంలోవి, తరవాత ఆ రచయితవి, ఆ పైన మిగతావి అధ్యాయం సందర్భంతో చదవాలి. ‘షాలోమ్’ను ఇలా చదివినవాడు తెలుగు ‘సమాధానము’ ఒక్కటే చాలదని తానే తెలుసుకుంటాడు. వాడుకలో ఆ మాటకు జవాబనే అర్థం స్థిరపడటం ఒక ఇబ్బంది, కానీ అసలు సంగతి వేరే. యాకోబు యోసేపును తన అన్నల షాలోమ్, మంద షాలోమ్ చూసి రమ్మన్నాడు. యిర్మీయా చెరలోని వాళ్లను బబులోను పట్టణపు షాలోమ్ కోరమన్నాడు. ఈ రెండు చోట్లా తెలుగు బైబిలు ‘క్షేమము’ అంది. 2 సమూయేలు 11:7లో దావీదు ఊరియాను యోవాబు షాలోమ్, సైన్యం షాలోమ్, చివరికి యుద్ధపు షాలోమ్ అడుగుతాడు. యుద్ధానికి శాంతి ఎలా ఉంటుంది? యుద్ధం ఎలా సాగుతోందని అడగడమది. ఆ పలకరింపు వెనక ఊరియాకు చేసిన ద్రోహం ఉందని గుర్తొస్తే, మూడుసార్లు పలికిన ఆ క్షేమసమాచారం చదవడం కష్టమవుతుంది.

‘నెఫెష్’ కూడా ఇటువంటిదే. ఆదికాండము 2:7లో మట్టితో చేసిన నరుడు తెలుగులో ‘జీవాత్మ’ అయ్యాడు. దీని మీద శరీరం వేరు, ఆత్మ వేరు అనే సిద్ధాంతాలు కట్టారు. అదే హీబ్రూ పదబంధం మొదటి అధ్యాయంలో చేపలకూ పశువులకూ ఉంది. తెలుగులో అక్కడ జీవము గలవి అని ఉండటంతో ఆ సంగతి తెలియదు. నెఫెష్‌కు గొంతు అనే అర్థం కూడా ఉంది. యెషయా 5:14లో పాతాళం నెఫెష్ వెడల్పు చేసుకుంది, అంటే గొంతు తెరిచింది. 69వ కీర్తన మొదట్లో నీళ్లు నెఫెష్ దాకా వచ్చాయంటే, మునిగిపోతున్నవాడి పీక దాకా వచ్చాయి. నరుడికీ పశువుకీ తేడా లేదని దీనర్థం కాదు. ఆ తేడాను ఆదికాండము దేవుని స్వరూపమన్న మాటతో చెప్పింది, నెఫెష్‌తో చెప్పలేదు.

తవ్వకాలు తేల్చినవి, తేలనివి

కొన్ని మాటలు బైబిల్లో ఒక్కసారే వస్తాయి. పోల్చడానికి రెండో వాక్యం ఉండదు. 1 సమూయేలు 13:21లో ఫిలిష్తీయుల కాలంలో ఇశ్రాయేలీయులు పనిముట్లకు పదును పెట్టించుకోవడం గురించిన చోట ‘పీమ్’ అనే మాట ఉంది. అదేమిటో తెలియక పాత అనువాదాలు ఆకురాయి అని ఊహించాయి, తెలుగు బైబిల్లోనూ ఆకురాళ్లే. 20వ శతాబ్దపు తొలినాళ్లలో పాలస్తీనాలో ఆ మూడు అక్షరాలే చెక్కిన చిన్న తూకపురాళ్లు దొరికాయి. ఒక్కొక్కటి 7.5 గ్రాములకు కాస్త పైన, షెకెలులో సుమారు మూడింట రెండు వంతులు. వచనం మాట్లాడుతున్నది పనిముట్టు గురించి కాదని, నాగటి కర్రుకు సానబట్టినందుకు శత్రువు పుచ్చుకున్న ధర గురించి అని అప్పుడు తెలిసింది. ఇనుము పని చేతిలో లేని జాతి కట్టిన సుంకం అది.

ప్రభువు ప్రార్థనలోని ‘ఎపియూసియోస్’కు ఆ భాగ్యం కలగలేదు. మత్తయి 6:11, లూకా 11:3లో ఆహారానికి విశేషణంగా వచ్చే ఈ మాట అంతకుముందు గ్రీకులో ఎక్కడా లేదు. గ్రీకు మాతృభాషగా ఉన్న ఒరిగెను 3వ శతాబ్దంలోనే ఇది సువార్తికులు కల్పించిన మాటై ఉంటుందన్నాడు. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ఖర్చుల పద్దులో ఇది కనబడిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ పాపిరస్‌ను మళ్లీ చూస్తే అక్కడున్నది నూనె అనే మాట. జెరోము ఒకే గ్రీకు మాటను లూకాలో ‘దినదినపు’ అని, మత్తయిలో ‘సకల పదార్థాలకు మించిన’ అని రెండు విధాలుగా తర్జుమా చేశాడు. ఈ రోజుకు కావలసినది, రేపటిది, బతకడానికి అవసరమైనది అని నేటి వ్యాఖ్యాతలు మూడు దారుల్లో ఉన్నారు. తెలుగు బైబిలు ‘అనుదినాహారము’ అంటుంది. ఎడారిలో మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకున్న నిర్గమకాండము 16వ అధ్యాయాన్ని పక్కన పెట్టుకుని చదివితే అది నిలబడే అర్థమే.